పెట్టె దించిన ఆదివారం

పెట్టె దించమని మామగారు చెప్పింది నిన్న సాయంత్రం. ఆదివారం పొద్దెక్కింది, టీలు తాగడం అయింది, గ్లాసులు కడగడమూ అయింది. పెట్టె మాత్రం అలమర మీద నుంచి అంగుళం కదల్లేదు.

దించాల్సిన కొడుక్కి తెల్లారేసరికి నడుము పట్టేసింది. వారమంతా రొట్టెల బట్టీలో పిండి బస్తాలు భుజాన వేసుకుని తిరిగే మనిషికి, ఒక్క పెట్టె పేరు చెప్పగానే నడుము పట్టేసిందంటే నమ్మేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఎవరూ కాదనలేదు. కోడలు వేడినీళ్ళ సంచీ తెచ్చి మరీ ఇచ్చింది. అతను దాన్ని నడుము కింద పెట్టుకుని, పెద్ద రోగిష్టివాడిలా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మామగారు ముందు గదిలో బల్ల దగ్గర కూర్చుని ఎర్ర పెన్సిలు చెక్కుకుంటున్నారు. జీవితమంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన చెయ్యి అది. ఇంట్లోకి వచ్చిన బిస్కట్ పొట్లం కూడా ఆ పెన్సిలు కింది నుంచి వెళ్ళాల్సిందే. మెట్ల దగ్గర ఎవరో అంటించిన 'చెత్త వేయరాదు' అన్న కాగితంలో తప్పులు దిద్ది, కింద సంతకం పెట్టి వచ్చిన మనిషి ఆయన. అలాంటాయన పెట్టె సంగతి రెండోసారి అడగకుండా పెన్సిలు మొన చూసుకుంటూ కూర్చున్నారు. అడిగినా బాగుండేది. అడక్కపోవడమే అందరినీ కోసేస్తోంది.

సాయంత్రం నిజంగా వెళ్ళిపోతావా తాతయ్యా అని మనవరాలు అడిగింది. వెళ్తానన్నారు. ఎందుకు అంది. ఆ పిల్ల నేర్చుకున్న మొదటి మాట 'అమ్మ' అయితే రెండోది 'ఎందుకు'. అందుకే అసలు పేరు బడి వరకే మిగిలి, ఇంట్లో 'ఎందుకమ్మ' అయి కూర్చుంది.

ఇదివరకైతే దాని ఎందుకులన్నిటికీ తాతయ్య దగ్గర ఒకటే జవాబు. వాన ఎందుకు పడుతుంది? ఊరికే. పిల్లి మన వంక ఎందుకు చూస్తోంది? ఊరికే. 'ఊరికే' ఎందుకు అని అది అడిగేది, ఊరికే అంటే ఊరికేనే అని ఆయన అనేవారు, ఇద్దరూ పగలబడి నవ్వుకునేవారు. ఇప్పుడు ఆయన, "పని ఉందమ్మా" అన్నారు. ఎందుకమ్మ నవ్వలేదు.

ఆ ఇంట్లో 'ఊరికే' అన్న మాటకి నూకలు చెల్లి చాలా రోజులైంది. చెల్లించింది కోడలు.

చెప్పుకుంటే ఎంత చిన్న సంగతి. కింది వాటాలోకి కొత్తగా దిగినావిడ మెట్ల దగ్గర ఎదురుపడి, ఇంట్లో ఎవరెవరు ఉంటారని పలకరించింది. మాటల్లో మాటగా మీ మామగారు ఏం చేస్తుంటారంది. కోడలివి కళ్ళజోళ్ళ దుకాణం ఉద్యోగంలో పొద్దంతా నిలబడి వచ్చిన కాళ్ళు, చేతిలో బరువైన కూరల సంచీ. "ఏం చేస్తారండీ, మా ఇంట్లో ఊరికే ఉంటారు" అనేసింది కోడలు. అని తలెత్తి చూస్తే మెట్ల మలుపులో మామగారు. రోజూలాగే సంచీ అందుకోవడానికి దిగి వస్తున్నారు.

సంచీ అందుకుని మెట్లెక్కారు. మర్నాడు పొద్దున బూట్లు తుడుచుకుని, పాత అచ్చాఫీసుకు వెళ్ళి, మళ్ళీ పనిలో చేరి వచ్చారు.

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ జారిందేదో మామూలు చెవిలో జారినా సర్దుకునేది. పొల్లు ఎగిరిపోతే పట్టుకునే చెవిలో జారింది.

కోడలు ఊరుకోలేదు. ఆ సాయంత్రమే ఆయన ఎదుట నిలబడి, తప్పయిపోయింది మామయ్యగారూ, నా ఉద్దేశం అది కాదు అని చెప్పుకుంది. ఆయన కోపగించుకుని ఉంటే బతిమాలుకునేది. ఆయనేమో నవ్వారు.

"నువ్వన్న వాక్యంలో తప్పేం లేదమ్మా. కర్త సరిగ్గానే ఉంది, క్రియ సరిగ్గానే ఉంది. ఇక కర్మ అంటావా, అది నాది."

ఆ చమత్కారానికి నవ్వాలో, అందులోని ముల్లుకి ఏడవాలో తెలియక ఆమె తేలు కుట్టిన దొంగలా వంటగదిలోకి వచ్చేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ 'ఊరికే' అనరు. ఏం చేస్తున్నావని అడిగితే భర్త 'కిటికీలోంచి బయటికి చూస్తున్నాను' అని సాక్షి చెప్పినట్టు చెబుతాడు. పళ్ళ దుకాణంవాడు ఒక పండు ఊరికే ఇచ్చాడని చెప్పబోయి, కోడలు కాసేపు నీళ్ళు నమిలి, 'డబ్బు తీసుకోలేదు' అంది.

అక్కడితో ఆగినా బతికిపోయేవారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అచ్చాఫీసు ఊరవతల కొత్త భవనంలోకి మారుతోంది. దాని యజమాని ఒకప్పుడు మామగారి చేతికింద పని నేర్చుకున్నవాడే. పొద్దున్నే ప్రూఫులు చూడాలి, ఈ వయసులో మీకు బస్సుల తిప్పలెందుకు గురువుగారూ, పైన గది ఉంది, అక్కడే ఉండిపొండి అన్నాడట. ఈయన సరేనన్నారు. ఇవాళ సాయంత్రం అతను వ్యాను తీసుకుని వస్తాడు.

*

ఎండ వసారాలోకి వచ్చేసరికి వదినగారు దిగారు.

భర్తకి అక్కగారు ఆవిడ. బట్టలు కుట్టే దుకాణం నడుపుతారు. ఆదివారం కూడా మెడలోంచి కొలతల టేపు తియ్యరు. ఆడపడుచు అర్ధమొగుడంటారు గాని, ఈవిడ ఆదివారాల్లో పూర్తి మొగుడే. వస్తూనే తమ్ముడి మంచం దగ్గరికి వెళ్ళి ఎక్కడ్రా నొప్పి అని అడిగారు. అతను కంగారులో మెడ చూపించాడు. ఆవిడ వేడినీళ్ళ సంచీని నడుము కింద నుంచి లాగి మెడ కింద పెట్టి, మరేమీ అనకుండా ముందు గదిలోకి వచ్చి తండ్రి ఎదురుగా కూర్చున్నారు.

గది కావాలంటే నా ఇంట్లో లేదా నాన్నా అన్నారు. యంత్రాల మోతలో, సిరా వాసనలో ఎలా పడుకుంటావన్నారు. పెళ్ళై పోయినంత మాత్రాన నేను పరాయిదాన్నా అన్నారు. ప్రతిదానికీ తండ్రి తల ఊపుతున్నారు. ఊపుతున్నది అవునన్నట్టో కాదన్నట్టో తెలియడం లేదు.

"నీ ఇంటికొచ్చి నేనేం చెయ్యాలే?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. ఊ..." అని ఆవిడ నాలిక్కరుచుకున్నారు. "ఊ... ఉంటే చాలు."

మామగారి పెదవి ఒక పక్కకి కదిలింది. దాన్ని నవ్వు అని ఒప్పుకోవడానికి చాలదు.

తన మాట చెల్లకపోయేసరికి వదినగారి కోపం దారి వెతుక్కుంటూ కోడలి మీదికి మళ్ళింది. వంటగది గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ నిలబడ్డ మనిషిని చూసి, గొంతు తగ్గించి అడిగారు. ఆవిడ గొంతు తగ్గిస్తేనే భయం.

"నలుగురిలో మా నాన్నని పనికిమాలినవాడన్నావట."

"నేను అలా అనలేదు వదినా."

"మరెలా అన్నావో చెప్పు."

కోడలు నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. ఆ మాట ఇప్పుడు పైకి అంటే రెండోసారి అన్నట్టవుతుంది. అనకపోతే అంతకన్నా పెద్దదేదో అన్నట్టవుతుంది. గదిలో గోడవైపు తిరిగి పడుకున్న భర్త కూడా ఊపిరి బిగబట్టాడు కాబోలు, మంచం కిర్రుమనడం ఆగిపోయింది.

"అమ్మాయిని ఏమీ అనకు" అన్నారు మామగారు. పెన్సిలు బల్ల మీద పెట్టారు. "నేను అలిగి పోవడం లేదు. నాకు అక్కడ బాగుంది. పొద్దున నేను వెళ్ళేసరికి కాగితాలు పట్టుకుని నలుగురు నిలబడి ఉంటారు. ఇక్కడ నేను మీ కోసం ఎదురు చూస్తాను. అక్కడ నా కోసం ఎదురు చూస్తారు. తేడా ఉంది కదా."

వదినగారు టేపును వేలికి చుట్టి విప్పారు, మళ్ళీ చుట్టారు.

ఆయన అన్నది నిజమని కోడలికి తెలుసు. అదే ఆమె బాధ. పనిలో చేరిన దగ్గర్నుంచి మామగారి నడకలో చురుకు వచ్చింది. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకుంటున్నారు. భోజనం దగ్గర అచ్చాఫీసు కబుర్లు చెబుతారు. ఒక మందు సీసా చీటీ మీద 'పూటకు రెండు' అని ఉండాల్సింది 'పాటకు రెండు' అని పడితే పట్టుకున్నారట, లేకపోతే జనం పాట పాడి మరీ మందు తాగేవారట. అలాంటి మనిషిని వెళ్ళొద్దనడానికి తనకేం హక్కుంది? సంచీ అందుకునేవాళ్ళు లేరనా? తలుపు తీసేవాళ్ళు లేరనా?

సంచీ బరువేం కాదు. తలుపు దగ్గరే ఆమెకి తెలిసివచ్చింది. పెళ్ళై వచ్చాక ఆ ఇంటి తలుపు తాళం తీసి ఎరగదు. ఇప్పుడు రోజూ చేతిసంచీ అడుగున తాళంచెవి వెతుక్కోవాలి, మొరాయించే తాళాన్ని బతిమాలాలి. మొన్న దుకాణంలో ఒక పెద్దమనిషి అద్దాల ముందు కూర్చుని, అక్కడున్న ఫ్రేములన్నీ పెట్టి చూసుకుని, చివరికి విరిగిపోయిన తన పాత ఫ్రేములాంటిదే కావాలని అడిగి, అది పెట్టుకుని అద్దంలో తనకి తనే నమస్కారం పెట్టుకున్నాడు. ఇది మామయ్యగారికి చెప్పాలని ఆమె దారంతా నవ్వుకుంటూ వచ్చింది. ఇంటికి తాళం. తాళం తీసి, దీపం వేసి, చెప్పులు విడిచేసరికి ఆ కబురు చల్లారిపోయింది. ఆయన వచ్చాక చెప్పింది గాని, అది చెప్పినట్టు లేదు.

సంతోషాలు పెద్దవైతే నిలవ ఉంటాయేమో. ఇలాంటి చిన్నవి మాత్రం అప్పటికప్పుడు ఎవరికో ఒకరికి వడ్డించెయ్యాలి. ఇన్నేళ్ళూ తాను ఎంత సుఖపడిందో, దేనివల్ల ఆ సుఖం వచ్చిందో తాళం ముందు నిలబడే దాకా ఆమెకి తెలియలేదు.

*

"సరే, నేనే దించుకుంటాను" అని మామగారు స్టూలు తెచ్చి అలమర ముందు వేశారు.

ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఒక పాదం ఎత్తి దాని మీద పెట్టారో లేదో మంచం మీది రోగి ఒక్క ఉదుటున లేచి వచ్చి తండ్రిని పక్కకి తప్పించాడు. నడుము నొప్పి, మెడ నొప్పి, వేడినీళ్ళ సంచీ అన్నీ మంచం మీదే ఉండిపోయాయి.

"ఇంత తొందరగా నయమైందేమిట్రా" అని అక్కగారు అడిగారు. అతను వినిపించుకోలేదు.

పెట్టె అనుకున్నంత తేలిగ్గా లేదు. ఖాళీ పెట్టె అనుకుని లాగితే పిండి బస్తాలా మీదికి వచ్చింది. అతను దాన్ని ఎలాగో ముందు గదిలోని తండ్రి మంచం మీద పడేశాడు. దానికి రెండు గడియలు. ఒకటి ఎప్పుడో విరిగింది. రెండోది మొండిది, మూసినా తెరిచినా ఒకటే చప్పుడుతో టక్కుమంటుంది. ఆ విసురుకి అది దానంతటదే టక్కుమని తెరుచుకుంది. లోపల ఉన్నదంతా మంచం నిండా పరుచుకుంది.

పెట్టెలో ఏముందో ఆ ఇంట్లో అందరూ మరిచిపోయారు. ఎక్కడ పెట్టాలో తెలియని ప్రతి వస్తువునూ ఎవరికి వారు ఇంకొకరికి తెలియకుండా అందులో పడేస్తూ వచ్చారు. కెటిల్ లేని కెటిల్ మూత. పిడి మాత్రమే మిగిలిన గొడుగు. ఎందుకమ్మ మొదటి బూటు, ఒక కాలిది. మనవరాలికని అత్తగారు అల్లడం మొదలుపెట్టి, ఉన్ని చాలక ఒక్క చెయ్యి మాత్రం అల్లి వదిలేసిన స్వెట్టరు.

"అమ్మ కొలత తీసుకుని పని మొదలుపెట్టిందెప్పుడు" అని వదినగారు ఆ స్వెట్టరు అందుకుని ఒళ్ళో పరుచుకున్నారు. అత్తగారు పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ మీద కూతురు వేసే ఎకసెక్కం మాత్రం అలాగే ఉంది, ప్రేమ కూడా అందులోనే ఉంది.

కింద నుంచి ఒక చిన్న చొక్కా బయటపడింది. దాని రెండు చేతులూ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి. వదినగారు దాన్ని గుర్తుపట్టి గబుక్కున దాచబోయారు గాని ఎందుకమ్మ లాక్కుంది. ఆవిడ కుట్టు నేర్చుకుంటున్నప్పుడు తమ్ముడికని కుట్టిన మొదటి చొక్కా అది. దాన్ని తొడుక్కుని తమ్ముడు బడికి వెళ్ళాడు. నవ్విన ప్రతివాడితోనూ కలబడి, చొక్కా చిరగకుండా ముక్కు పగలగొట్టించుకుని వచ్చాడని మామగారు బయటపెట్టారు.

"నాకు చెప్పలేదేం నాన్నా, వీడు కొట్టుకున్నది దీని కోసమని?" అన్నారు ఆవిడ. ఆ సంగతి ఇప్పుడే వింటున్నారు.

చెప్పొద్దన్నాడని మామగారు అన్నారు. చెబితే అక్క కుట్టడం మానేస్తుందేమోనని పిల్లాడు భయపడ్డాడట. వదినగారు తమ్ముడి వంక చూశారు. అతను తల దించుకుని, ఆ చొక్కా చేతిలోకి తన చెయ్యి దూర్చాడు. మోచెయ్యి దాకా కూడా రాలేదు. ముందు ఎందుకమ్మ నవ్వింది, తర్వాత వదినగారు, తర్వాత అందరూ. సర్దుకోవడానికి దించిన పెట్టె ముందు అందరూ నేల మీద చతికిలబడి కూర్చున్నారు. వంట సంగతి ఎవరికీ గుర్తులేదు. బట్టీ నుంచి తెచ్చిన నిన్నటి రొట్టె తుంచుకుని తింటూ, ఒక్కొక్క వస్తువూ పైకెత్తి ఇది ఎవరు దాచారంటే నువ్వంటే నువ్వని దెబ్బలాడుకున్నారు. ఆదివారం ఎప్పుడు మధ్యాహ్నం దాటిందో తెలియలేదు.

చివరికి పెట్టె అడుగున అంటుకుపోయిన కార్డు ఒకటి ఎందుకమ్మ గోటితో గీకి తీసింది.

"అది ఇలా తే" అని మామగారు చెయ్యి చాపారు. ఆ చాపడంలో తొందర చూసి వదినగారు ముందే అందుకున్నారు. తమ్ముడి పెళ్ళి శుభలేఖ. చదివి, ఆవిడ కొలతల టేపుతో కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు.

ప్రూఫులు దిద్దే మనిషి కొడుకు పెళ్ళి. ఆయన చేత్తో రాసి, ఆయన అచ్చాఫీసులో వేయించి, ఆయనే దిద్దిన శుభలేఖ. ఆఖరి పంక్తి 'మీ రాకే మాకు కానుక' అని ఉండాలి. ఒక్క 'రు' ఎక్కువ పడి 'మీరు రాకే మాకు కానుక' అని అచ్చయింది. రమ్మని పిలిచింది కాస్తా, రాకుండా ఉంటే అదే పదివేలన్నట్టు తయారైంది. పంచిపెట్టేశాక గాని ఆయన చూసుకోలేదు. ఇన్నేళ్ళూ అది యంత్రం తప్పనే వాదిస్తూ వచ్చారు.

"మా నాన్న పెళ్ళికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు" అంది కోడలు. "లోపలికి రమ్మంటారా, మీ కానుక పాడవుతుందా అని అడిగారు."

మామగారు కూడా నవ్వేశారు. నవ్వి, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, ఆ 'రు' మీద అడ్డంగా ఒక గీత గీశారు. "యంత్రం తప్పు కాదులే" అన్నారు.

అప్పటిదాకా పొద్దున్నుంచి ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడని కొడుకు, అక్క కుట్టిన చొక్కా మడత పెడుతూ, ఎవరి వంకా చూడకుండా అన్నాడు.

"అచ్చులో రావద్దని ఉన్నా పిలిచినవాళ్ళంతా వచ్చారు కదా నాన్నా. నీ మనసులో ఏముందో వాళ్ళకి తెలుసు."

మామగారి పెన్సిలు గాలిలో ఆగింది. అతను అన్నది పెళ్ళి గురించి కాదని అందరికీ అర్థమైంది, ఒక్క ఎందుకమ్మకి తప్ప. దానికి దాని సందేహం దానిది.

"తప్పు కార్డు కదమ్మా, మరి ఎందుకు దాచారు?"

"ఊరికే" అంది కోడలు.

అని ఉలిక్కిపడింది. మాట బయటికి వచ్చేసింది. వదినగారు రొట్టె నమలడం ఆపారు. భర్త ఆమె వంక చూశాడు. మెట్ల మీద జారిన మాటే, అదే గొంతుతో, అదే తేలికతో, అదే మనిషి ఎదుట మళ్ళీ జారింది. వెనక్కి తీసుకోవడానికి ఆమె నోరు తెరిచింది. తీసుకోబుద్ధి కాలేదు. ఆ చిన్న బూటు, ఆ ఒంటిచేతి స్వెట్టరు, ఆ చొక్కా, వీటిలో ఒక్కటీ ఎందుకూ పనికిరాదు. ఒక్కటీ పారెయ్యమని ఎవరూ అనలేదు.

"మామయ్యగారూ" అంది. "ఇక్కడ మీరు మా కోసం ఎదురు చూస్తానన్నారు. నేనూ చూస్తానండీ. సందు మలుపు తిరగ్గానే ముందు చూసేది మన వసారా వంకే. దుకాణంలో ఏ తమాషా జరిగినా ఇది మీకు చెప్పాలని సాయంత్రం దాకా దాచుకుంటాను. సంచీ అందుకోవాలని కాదు, తలుపు తియ్యాలని కాదు. మీకు అక్కడ బాగుంటే వెళ్ళొద్దని నేననను. కానీ మీరు ఇంట్లో ఉంటే నాకు బాగుంటుంది. ఎందుకంటే చెప్పలేను. ఊరికే."

మామగారు కళ్ళజోడు తీశారు. ఆ కళ్ళజోడు ఆమె తన దుకాణంలో తన చేత్తో బిగించి ఇచ్చిందే. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. అయినా ఆయన చొక్కా అంచుతో తుడిచారు, తుడిచి మళ్ళీ తుడిచారు. ఏదో అనడానికి గొంతు సవరించుకున్నారు.

తలుపు చప్పుడైంది.

*

అచ్చాఫీసు యజమాని అనుకున్న వేళకంటే ముందే వచ్చేశాడు. కింద వ్యాను ఆగి ఉంది, దాన్నిండా యంత్రాల విడిభాగాలు, ముందు సీట్లో గురువుగారికి చోటు ఖాళీగా పెట్టించాడట. గుమ్మంలో నిలబడి, నేల మీద కూర్చున్న ఇంటిల్లిపాదినీ, మంచం నిండా పరుచుకున్న సామాన్లనూ చూసి అతనికేమీ అర్థం కాలేదు.

"ఏం చేస్తున్నారు గురువుగారూ?"

మామగారు తలెత్తారు. ఒక చేతిలో చిన్న బూటు ఉంది, ఇంకో చేతిలో ఎర్ర పెన్సిలు ఉంది.

"ఏం లేదయ్యా. ఊరికే కూర్చున్నాం."

కోడలు ఆ మాట విన్నది. రెండుసార్లు విన్నట్టు విన్నది. కూర్చున్నాను అనలేదు, కూర్చున్నాం అన్నారు. పొల్లు తేడా కూడా తెలియకుండా నోరు విప్పే మనిషి కాదు ఆయన. ఆమెకి ఒక్కసారిగా కళ్ళు చెమర్చాయి. అక్కడే ఉంటే అందరి ముందూ ఏడ్చేస్తానని భయపడి, టీ పెడతానని లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

పొయ్యి వెలిగించింది గాని చెవులు ముందు గదిలోనే ఉన్నాయి. యజమాని కూర్చున్నట్టున్నాడు, కుర్చీ జరిగిన చప్పుడైంది. మరి పెట్టె సర్దుకోలేదే అంటున్నాడు. పెట్టెలో ఖాళీ లేదయ్యా అని మామగారి గొంతు. ఖాళీ చేస్తే ఉంటుంది కదండీ అని యజమాని. దానికి వదినగారేదో అనబోతే మామగారు ఆగమన్నారు. పొద్దున ప్రూఫులు మీరు చూడకపోతే ఎలాగండీ, జనం పాటలు పాడి మందు తాగుతారు అంటున్నాడు యజమాని. నిజమే, అదీ నిజమే అంటున్నారు మామగారు. కోడలు గరిటె తిప్పడం ఆపింది. వసారాలో ఆయన ఉంటే బాగుంటుందని ఆమె చెప్పుకుంది. అక్కడ ఆయన కోసం ఎదురు చూసేవాళ్ళు కూడా అబద్ధం కాదు. ఒక మనిషికి రెండు చోట్లా ఉండాలనిపిస్తే ఏం చేస్తాడు?

కాసేపు సామాన్లు కదులుతున్న చప్పుడు. తర్వాత పెట్టె గడియ టక్కుమంది.

మూస్తున్నారో, తెరుస్తున్నారో. గిన్నె మూత చేతిలో పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది.

"అలా ఎందుకు చేశావు తాతయ్యా?" అంటోంది ఎందుకమ్మ.

మామగారు జవాబు చెప్పారు. సరిగ్గా అప్పుడే టీ పొంగి పొయ్యి మీద పడి చుయ్యిమంది. ఆ చుయ్యిలో ఆయన మాట కలిసిపోయింది. ముందు గదిలో అందరూ ఒక్కసారిగా నవ్వడం మాత్రం వినిపించింది, యజమానితో సహా. పొయ్యి ఆర్పాలన్న ధ్యాస కూడా లేకుండా కోడలు చేతిలో మూతతోనే గుమ్మంలోకి పరుగెత్తింది. మంచం మీది పాత సామానంతా మళ్ళీ పెట్టెలోకి చేరి, గడియ పడి ఉంది.

"ఏమన్నారు? మామయ్యగారు ఏమన్నారు?"